తోక కిందికుంది

పీర్ల చావిడి వెనక గదిలో
సందల్ పూతల కింద, దట్టీల ముడుల కింద
నల్లబడి పడుకుంది.
ఫిరంగి కత్తి, అన్నాడు ముజావర్ లాడ్లే సాబ్.
ఫిరంగంటే తోపు కదా అని నవ్వాడు
మక్తల్ నుంచి నా వెంట వచ్చిన అటెండరు.

గ్యాసునూనె బట్టతో తుడిచాను.
పిడి మనదే, గద్వాల దిక్కు పని.
అలుగు మాత్రం సముద్రం దాటింది.
పొడుగునా మూడు సన్నటి గాడులు,
వాటి పక్కన
ఎవరో గోటితో గీరినట్టు పది పన్నెండు గీతలు,
గీతల్లో ఇంకా కొంచెం ఇత్తడి.

నా పుస్తకంలో అది తోడేలు,
జర్మనీలో ఒక ఊరి కమ్మరుల గుర్తు.
లాడ్లే సాబ్‌కు దుల్‌దుల్ గుర్రం.
అటెండరుకు ఊరకుక్క.
నాకు, నిజం చెప్పాలంటే, గీతలే.

కుడుక మొక్కు చెల్లించ వచ్చిన కురుమ మాశప్ప
గొంగడి పక్కన పెట్టి వంగి చూశాడు.
"కుక్కయితె తోక మీదికి లేస్తది.
ఇది కిందికుంది సారూ, తోడేలే.
పోయిన ఎండకాలం రెండు పిల్లల్ని ఎత్కపాయె,
నాకెర్కలేదా!"

రాసుకున్నాను. ఊరి పేరు కూడా రాయబోయి ఆగాను.
పేరున్న ఊరి గుర్తును పక్క ఊళ్లూ కొట్టాయి.
మన కొలిముల్లోనూ ఎవడో
పడమటి ధర కోసం కొట్టే ఉంటాడు.
ఈ మాటకు మాశప్ప ఆశ్చర్యపోలేదు.
"అంగడిల గొర్రెకు జాజు గుర్తు ఎవడైన ఏస్తడు.
మందల ఇడ్వాలె.
ఏ తల్లి పిలిస్తె ఉర్కుతదో చూడాలె."

కత్తికి తల్లిని ఎక్కణ్ణుంచి తేను?

వేలి కణుపుతో కొట్టాను. సన్నగా, చాలాసేపు మోగింది.
భయపడుతూ వంచాను. నిటారుగా తిరిగొచ్చింది.
నడిమి గాడి మిగతా రెంటికన్నా వేలెడు ముందుకు పోయి
మెల్లగా ఆరిపోయింది.
దొంగగుర్తు వేసేవాడికి ఇంత ఓపిక ఉంటుందా?
ఉండొచ్చు. అదే చిక్కు.

చేసినవాడు. చేసిన ఊరు. దొరికిన చోటు.
రిజిస్టరులో చివరి గడి ఒక్కటే సిరాతో నింపాను.
మొదటిది ఖాళీ,
రెండోది పెన్సిలుతో, పక్కన ఒక ప్రశ్నగుర్తు.

లాడ్లే సాబ్ పచ్చ దట్టీ చుడుతుంటే
మాశప్ప ఒక్కసారిగా నెత్తి గోక్కున్నాడు.
"అయితె సారూ, ఇన్నేండ్ల సంది
నా గొర్రెలు సల్లగుండాలెనని
నేను మొక్కింది దీనికా?"

చావిడంతా నవ్వింది, అతనూ నవ్వాడు.
తెచ్చిన కుడుకను మాత్రం
వెనక్కి తీసుకుపోలేదు.