నల్లబల్ల వైపు తిరిగి

ఒంగోలు నుంచి మోసుకొచ్చినవి రెండు వందల కాగితాలు.
ఒక్కోదాని మీద ఐదు గుండ్రటి ముఖాలు,
ఏడుపు మొదలుకొని ఇకిలింపు దాకా.
"బళ్ళో నీకు ఎట్లా ఉంటుంది? ఒకదానికి సున్నా చుట్టు."
ఎక్కడో పుట్టిన కొలమానం.
పన్నెండు దేశాల పిల్లల మీద సరిచూసిందని
మా గైడు గారు రెండుసార్లు చెప్పారు.

కనిగిరి దాటాక బస్సు వెలిగండ్ల రోడ్డు పట్టింది.
పొగాకు బ్యారన్ల పక్కన కుప్పేసిన జొన్నచొప్ప,
ఎర్రరంగు పూసిన చేతిపంపు,
దాని పిడికి ఎవరో గాలిపటం దారం చుట్టి వదిలేశారు.
బడికి తాగేనీళ్ళు డబ్బాల్లో వస్తాయి.
ఆటో ఆలస్యమైన రోజు పిల్లలు
ముందు పంపు వైపు చూస్తారు, తరవాత సార్ల వైపు.

ఏడో తరగతి. ముప్పై నలుగురు.
కాగితాలు తిరిగొచ్చాక లెక్కేశాను.
ఐదో ముఖానికి సున్నా చుట్టినవాళ్ళు సున్నా.
నాలుగోదానికి, ఏదో మొహమాటానికి, నలుగురు.
మిగతా అంతా మధ్యలోది, గీతలాంటి నోరున్నది.
నా పరిశీలన పట్టికలోనూ అంతే:
"పాఠం నడుచుచుండగా విద్యార్థులు నవ్వుట"
లేదు, లేదు, లేదు.
భయం, అణచివేత, ఆనందం లేని తరగతి గది,
వాక్యం అప్పుడే మనసులో కూర్చేసుకున్నాను.
తిరుపాలు సారు మీద కొంచెం కోపం కూడా వచ్చింది.

మస్తాన్‌బీ కాగితం ఒక్కటే తేడా.
ఐదు ముఖాల్నీ వదిలేసి అంచున
పెన్సిలుతో ఆరోది వేసింది.
నోరు లేదు. నోటి చోట ఒక అరచెయ్యి.
కళ్ళు బాగా చిన్నవై, పక్కన ముడతలు.

"ఇదేందమ్మా?"
"నవ్వతా ఉంది మేడం."
"మరి నవ్వేది ఐదోది ఉందిగా?"
దాన్ని కాసేపు చూసింది.
"దానికి పళ్ళు తెల్లగా ఉండాయి గదా మేడం.
మాయి అట్టా ఉండవు."

అంతే అంది. అన్నం గంట కొట్టకముందే
పళ్ళెం తీసుకొని లైను మొదట్లో నిలబడింది.

రెండు రోజులుగా చూస్తూనే ఉన్నాను, అప్పుడు చూశాను:
బోరు నీళ్ళు రాసిపెట్టిపోయిన గోధుమరంగు గీతలు,
మాట్లాడేటప్పుడు పైపెదవిని కిందికి లాక్కునే అలవాటు,
కొత్తమనిషి ఎదురైతే
దానంతటదే లేచే చెయ్యి.
ఆ కొత్తమనిషి ఎవరు? సారు కుర్చీ పక్కన కూర్చొని
వాళ్ళ మొహాల్లోకే చూస్తున్న నేను.

ఆ మధ్యాహ్నం చివరి బెంచీకి మారాను,
పట్టిక మోకాళ్ళ మీద పెట్టుకొని.
సారు ఘర్షణ గురించి చెబుతున్నాడు.
"వానాకాలంలో మన ప్రెసిడెంటు కొత్త చెప్పులేసుకొని
చెరువుకట్ట ఎక్కబోయాడు..." అని మొదలుపెట్టి,
అసలు ఘట్టం వచ్చే ముందు
నల్లబల్ల వైపు తిరిగాడు.
ఏమీ రాయలేదు. సుద్ద పట్టుకొని నిలబడి
మిగతా కథ బల్లకే చెప్పాడు.

గది విరిగి పడింది.
నాకు వీపులే కనిపించాయి, ఊగుతున్న జడలు,
బెంచీల మీదే మరిచిపోయిన చేతులు.
మస్తాన్‌బీ పక్కపిల్ల భుజాన్ని దబదబా బాదుతోంది.
సారు మెడ వెనక చెమట, కాలరు మీద సుద్దపొడి.
నవ్వు ఆఖరి చుక్క దాకా కారిపోనిచ్చి
అప్పుడు తిరిగాడు.
పెదవులు మూసుకునే ఉన్నాడు.
ఆయనదీ ఈ నీళ్ళ వూరే.

పెన్ను తీశాను.
"నవ్వుట" గడిలో అవును అని రాశాను.
దాని కింద గడి:
"బోధించునప్పుడు ఉపాధ్యాయుడు విద్యార్థుల వైపు చూచుట."
లేదు అని రాయాలి. సారుకి ఒక మార్కు పోతుంది.

రాయలేదు.
నాలుగున్నర బస్సు హారను కొడుతోంది.