పన్నెండో గుంట

గేటు దగ్గర కుర్రాడు జాబితాలో మా పేర్లు వెతుకుతున్నాడు.
సభ్యుల్లో లేం. అతిథుల్లోనూ లేం.
వెనక సీట్లోంచి ఓమా పెద్దమ్మ,
ఒళ్లో ఉడికిన గుడ్ల గిన్నె కదలకుండా పట్టుకుని,
"చచ్చినవాళ్ల జాబితా ఉంటే చూడు నాయనా,
అందులో మావాళ్లున్నారు" అంది.

నవ్వాలో వద్దో తెలీక వాడు అడ్డకర్ర ఎత్తాడు.

ఏడాదికొక్కసారి, మే నెల చివరి ఆదివారం,
రెండు గంటలు.
బ్యాటరీ బండ్లు రెండిస్తారు, గడ్డి మీద నడవొద్దంటారు.
వెర్లిన్ మామయ్యకి దారి చెప్పక్కర్లేదు.
పదకొండేళ్లు ఈ గడ్డి కోసినవాడు,
ఎక్కడ ఎన్ని మిల్లీమీటర్లుండాలో ఇప్పటికీ వేళ్లతో చూపిస్తాడు.
తన పెరట్లో మాత్రం మోకాలెత్తు కలుపు.

కొండ ఎక్కేకొద్దీ సరస్సు బయటపడుతుంది.
చెట్ల సందుల్లో ముందొక ముక్క, తర్వాత ఇంకో ముక్క,
మలుపు తిరగ్గానే మొత్తం,
అవతల టెనెసీ కొండల దాకా.
ఎంత బాగుందో పైకి అనడానికి నాకు సిగ్గు.
దాని కింద మా ముత్తాత మొక్కజొన్న చేనుంది,
రెండు చర్చీలు, ఒక పిండిమర,
పెద్దమ్మ పుట్టిన గది.

ఆనకట్ట కట్టిన ఏడు
బతికున్నవాళ్లకి చెక్కులిచ్చి పొమ్మన్నారు.
చచ్చినవాళ్లని మాత్రం జాగ్రత్తగా తవ్వి తీసి,
కొత్త పెట్టెల్లో సర్ది, ఒక్కొక్కరికీ నంబరు వేసి,
నీళ్లందనంత ఎత్తుకి మోసుకొచ్చారు.
భూమికి నీళ్లొదిలేశామంటే
మావాళ్ల నోట అది సామెత కాదు.

తర్వాత కొండ అమ్ముడుపోయింది.

పన్నెండో గుంటకి ఎడమ పక్క, ఇనప కంచెలో,
పదిహేడు రాళ్లు.
నాలుగింటికే పేర్లున్నాయి. మిగతావి ఉత్త ఏటి రాళ్లు,
వాటి పేర్లు పెద్దమ్మ నోట్లో ఉన్నాయి.
ఒక్కో రాయీ ముట్టుకుని తను చెబుతుంది, వెంట మేం చెబుతాం.
పోయినేడు ఒక పేరు దగ్గర తడబడింది.
ఈ ఏడు రెండు.
రాసుకుంటానంటే ఒప్పుకోదు.
"రాసుకుంటే ఇక రారు మీరు."

వెలిసిన ప్లాస్టిక్ పూలు తీసి కొత్తవి గుచ్చాం.
దుప్పటి పరిచి మొక్కజొన్న రొట్టె విప్పుతుంటే
కొమ్మల్లో ఏదో చిటుక్కుమంది.
బంతి
డెల్ఫియా ముత్తవ్వ రాయికి కొట్టుకుని, ఎగిరి,
పేరు పెట్టకముందే పోయిన బిడ్డ పక్కన పడి ఆగింది.

కాసేపటికి ఒకాయన వచ్చాడు,
లేత గులాబీ చొక్కా, ఒక్క చేతికే తొడుగు.
మమ్మల్ని చూసి టోపీ తీశాడు.
బట్టతల ఎండకి ఎర్రగా కమిలిపోయింది పాపం.
ఆరేళ్లుగా సభ్యుడట, ఇక్కడ ఇదొకటుందని తెలీదట.

మామయ్య రొట్టె నములుతూనే అన్నాడు:
"ఆ తెల్ల మేకులు పాతింది నేనే. ఇది హద్దు బయట."
"అంటే?" అంది పెద్దమ్మ.
"అంటే, వెనక్కెళ్లి,
మొదట ఎక్కణ్ణించి కొట్టాడో అక్కణ్ణించే మళ్లీ కొట్టాలి.
పైన ఒక దెబ్బ జరిమానా."

పెద్దమ్మ కాసేపు సరస్సు కేసి చూసింది.
"ఒక్క దెబ్బేనా?" అంది.
బంతి తీసి సంచిలో వేసుకుంది,
బదులు ఒక గుడ్డు ఆయన చేతిలో పెట్టింది.
నిలబడే తిన్నాడు,
ఉప్పు అడగడానికి మొహమాటపడుతూ.

రెండు గంటలు అయ్యాయి.
దిగి వస్తుంటే మామయ్య ఉన్నట్టుండి బండి ఆపాడు.
నడవకూడని గడ్డి మీద నాలుగడుగులు నడిచి,
ఎవరి దెబ్బకో లేచిపోయిన పచ్చిక పెళ్ల ఏరుకొచ్చి,
వేర్లు కిందికి చూసి, ఆ గాట్లోనే కూర్చి,
అరచేత్తో అదిమాడు.

"ఆరకముందే పెడితే అంటుకుంటుంది" అన్నాడు,
చెయ్యి ప్యాంటుకి తుడుచుకుంటూ.