తొంభై ఎనిమిది

సగం నలుపు, సగం తెలుపు అట్టముక్క.
దానిమీద బ్లేడుతో ఒక్క లాగు.
తడి పసుపు పరుచుకుంటుంది,
నలుపు మాత్రం కిందనుంచి
గుడ్లురిమి చూస్తూనే ఉంటుంది.

"పసుపంతే, పిరికిది" అంటాడు క్లిఫ్,
డార్వెన్ ల్యాబులో ముప్పయ్యేళ్లుగా
రంగుల దాపరికం కొలిచి కొలిచి
గూనెక్కినవాడు.
కావిరంగైతే ఒక్క పూతకే
ఊరంతా మింగినా తేన్చదట.

ఇవాళ తెలుపు.
మీటరు తొంభై ఎనిమిదంది. పాసు.
మిగతా రెండుకు ఫారంలో గడి లేదు.

అడుగున మిగిలిన డబ్బా అద్దింటికి తెచ్చాను.
వంటగది తలుపు పక్కన పెన్సిలు గీతలు:
మేజీ, ఆరేళ్లు. మేజీ, ఏడు.
ఎనిమిది లేదు.

రెండు పూతలు వేశాను.
మూడింటికే వాలిపోయిన డిసెంబరు ఎండ
గోడను ఏటవాలుగా తడిమితే
ఏడు దగ్గర
సన్నటి గాడి.

బ్రష్షు కడిగి
తలకిందులుగా ఆరబెట్టాను.