మూడో తీగ

మా వీధి దాకా వచ్చేది ఒక ఫేజు, ఒక న్యూట్రలు. అంతే.
మూడు ఫేజులు కావాలంటే
ఆరు స్తంభాలు, లక్షా ఎనభై వేలు అని
కార్వేటినగరం ఆఫీసులో కాయితం నా చేతిలో పెట్టి
ఫ్యాను కిందికి జరిగినాడు ఆ సారు.

పిండిమర దించి ఇరవై రోజులు.
గాజులు కుదవపెట్టి తెచ్చిన మూడు హెచ్‌పీ మోటారు,
నేను పెట్టిన కుంకంబొట్టు ఎండి రాలిపోతా ఉండాది.
ఉన్న కరెంటే ఇచ్చి చూస్తే
తిరగదు, మూలుగుతాది,
ఈనలేని ఆవు మాదిరి.
నిమిషానికే వార్నీషు కాలిన వాసన.

పుత్తూరు నుంచి చెంగల్రాయుడొచ్చినాడు.
ఎముక విరిగినోళ్ళు దిగే బస్టాండు పక్కనే
మోటార్లకి కట్లు కట్టే కొట్టు ఆయనది.
మర దగ్గిర నిలబడనే లేదు.
కొట్టంలో సొప్ప కింద పడున్న బావి మోటారుని
కాలితో కదిలించి, చెవి పెట్టి,
"ఇది చావలేదమ్మా" అన్నాడు.

ఐదు హెచ్‌పీ. బావి ఎండి తొమ్మిదేండ్లు.
అప్పట్నుంచి అదీ మా ఆయనా
ఎవురి మూల వాళ్ళు.

స్టారు విప్పి డెల్టా చుట్టినాడు.
రెండు కెపాసిటర్లు, మూడు తీగలు.
"బెల్టు వెయ్యద్దు దీనికి.
ఊరికే తిరగతాది.
తిరగతా మీ మరకి మూడో ఫేజు పోస్తాది."
తాడు చుట్టి మా ఆయన చేతికిచ్చినాడు.
"దీనంతట ఇది లేవదు, లాగి లేపాల.
ఒంటి ఫేజుకి దిక్కు తెలీదు సామీ,
నువ్వెటు లాగితే అటు."

ఎన్నడూ లేంది ఆయన చొక్కా ఇప్పినాడు.
లాగినాడు. స్విచ్చి.
గొంతు సవరించుకుని అందుకునింది ముసలి మోటారు.
మర కూడా తిరిగింది, ఎనక్కి!
తొట్లో రాగులు అట్నే ఉండాయి.
వీధంతా నవ్వింది, ఆయన కూడా.
తాడు ఇంకోపక్కనించి చుట్టి మళ్ళా లాగినాడు.

మొదటి పిండి వెచ్చగా
నా అరచేతిలో పడింది.

ఇప్పుడు పొద్దున్నే తాడు ఆయనదే,
ఇంకెవుర్నీ ముట్టనీడు.
మర ఎత్తుకునేటప్పుడు
పక్కింటి దేశమ్మ టీవీ ఒకసారి మసకేస్తాది,
తిడతాది, రాగులు తెచ్చి పోసి పోతాది.

సాయంత్రం ముందు మర ఆపుతాను.
ఆయన దాన్ని మాత్రం
ఇంకొంచేపు తిరగనిస్తాడు.
కరెంటు బిల్లు, అంటాను.
వినపడనట్టు
దాని పక్కన కూచోని బీడీ ముట్టిస్తాడు.