రెండో పక్క, నాలుగో పాట

మా ఇంట్ల రికార్డు ఉండె,
రికార్డు తిప్పే డబ్బా లేకుండె.

డెబ్బయి ఐదుల మిల్లు బోనసు చేతికొచ్చిన నాడు
అవ్వ ఉప్పు పప్పు లెక్క చెప్పుతుండంగనే
బాపు చౌరస్తల నలభై రెండు రూపాయలు పోసి
పన్నెండు సినిమాల పన్నెండు పాటలు
ఒక్క నల్లటి పళ్లెంల పెట్టిచ్చుకోని వచ్చిండు.
"తినెటందుకా?" అన్నది అవ్వ.
మూడు దినాలు మాట్లాడలె.

అట్ట మీద పన్నెండు జంటలు,
తపాల బిళ్లలంత మొకాలు.
నేనూ మా చెల్లె సమ్మక్క
వెనుక పక్క అచ్చేసిన వరుసను
ఎక్కాల లెక్క బట్టీ పట్టినం.
పాటలు వినకముందే వాటి నిమిషాలు మాకెరుక.
మూడు ఇరవై. మూడు నలభై ఒకటి. నాలుగూ ఐదు.
లోపలి కాయితం సంచి వాసన చూసుకుంట పండుకునేటోళ్లం,
కిరసనాయిలు కాదు, కొత్త పుస్తకం కాదు,
ఇంకోటి ఏదో.

సుట్టీనాడు పొద్దుగాల
రికార్డును తువ్వాలల సుట్టుకోని
శివనగర్ల ఎల్లి, అండర్ బ్రిడ్జి కింద నీళ్లు తప్పిచ్చుకుంట
హుసామొద్దీన్ సాబు మైకు దుకాణానికి పోయేటోళ్లం.
పెండ్లిండ్లకు పోయి అలిసిన బూర గొట్టాలు
గోడకు ఒరిగి నోళ్లు తెరిచి పండుకునేటివి.
సాబు ముల్లు మీద ఉఫ్ అని ఊదేటోడు,
పొంగొచ్చే పాల మీద ఊదినట్టు.
ముందుగాల సుర్రుమనే చప్పుడు.
తరువాత పాట.

బాపుకు పాట వినరాదు.
పంతొమ్మిదేండ్లు మగ్గాల షెడ్డుల నిలబడి
రెండు చెవులు మిల్లుకే ఇచ్చిండు.
మనిషి పెదవులు చూసి మాట అందుకునేటోడు.
పాటకు పెదవులుండయి గద,
అందుకని డబ్బా చెక్క మీద అరచెయ్యి పెట్టి
కండ్లు మూసేటోడు,
జరమొచ్చిన పోరని నొసటి మీద పెట్టినట్టు.
"మరి ఎందుకు కొన్నవు బాపూ?" అని అడిగిన ఒకపారి.
నా పెదవులు చూసిండు, నవ్విండు,
చెప్పలె.

పరకాల దిక్కు ఒక పెండ్లికి
సాబు అడిగి పట్టుకపోయిండు.
తిరిగొచ్చిన రికార్డు మీద
వెంట్రుకంత గీత.
రెండో పక్క, నాలుగో పాట,
వాన అనే మాట కాడ ఆమె
వా... వా... వా... అంటనే ఉన్నది,
న రాలె.
నేనూ చెల్లె పడీ పడీ నవ్వుతున్నం.
బాపు కండ్లు తెరిచిండు,
చెయ్యి తియ్యలె.
"దారం తెగింది" అన్నడు.
సాబు చిటికెన వేలితోని
ముల్లును జరంత ముందుకు నూకిండు.
"అతికింది" అన్నడు బాపు.
ఆమె పాడుకుంట పోయింది.

తరువాతి సంగతి పెద్దగ లేదు.
క్యాసెట్లు వచ్చినయి.
సాబు దుకాణంల సైకిళ్లకు పంచర్లు.
ఒక ఎండకాలం రేకుల కింద మరిచిపోతె
రికార్డు పాపడం లెక్క వంగింది.
అవ్వ దాని నడిమిట్ల బొక్కకు పేలిక కుక్కి
బియ్యం గుమ్మికి మూత పెట్టింది.
"నలభై రెండు రూపాయల మూత" అని
వచ్చినోళ్లందరికి చూపెట్టేది.
ఆ మాటలకెల్లి కోపం ఎప్పుడు పోయిందో,
గొప్ప ఎప్పుడు జొచ్చిందో!
మిల్లుకు మూత పడ్డ ఏడు
గుమ్మిల బియ్యం అడుగంటినయి గని
ఆ మూత గట్లనే ఉన్నది.

మొన్న హన్మకొండ పోయే ఆటోల
ఆ పాటే వచ్చింది,
కడిగిన గిలాస లెక్క సాఫుగ.
వాన అని ఒక్కటే సారి, పూర్తిగ,
అనేసి పోయింది ఆమె.
నా నోరు ఇంకా వా కాడనే.
పాట అయిపోంగనే
ఐదోది షురూ అయితదని నా మెడ ముందుకు వంగింది.
ఆటో పోరడు ఇంకేందో పెట్టిండు.

ఆ ఐదోది ఏ సినిమాదో, ఎవలు పాడిండ్రో
ఇప్పుడు సోయి లేదు.
నాలుగోదాని ఎనుక వచ్చేది, అంతే.

ముందటి ఇనుప కడ్డీ మీద అరచెయ్యి పెట్టిన.
ఇంజను తప్ప ఏం లేదండ్ల.
అయినా పోచమ్మమైదాన్ దాక
తియ్యలె.