భుజం మీద కాయ

మొరిత సారు పోలేపల్లి కంపెనీల
గోలీలు నింపే మిషన్ బిగించెతందుకు వచ్చిండు.
మూడు వారాల మనిషి.
టోపీ అంచుల ఒక్క వెంట్రుక కనవడ్డా
లాటంతా పక్కకు వెట్టిపిస్తడు.
నవ్వంగ మేమెవ్వలం సూడలే.

తొమ్మిదో రాత్రి, మా ఊర్ల పీర్లు.
రా అంటె నా బండెనుక ఎక్కిండు,
మిడ్జిల్ తొవ్వ పొడుగునా
నా నడుం వట్టకుండ సీటు వట్టుకొని.

మా ఊర్ల సాయిబుల ఇల్లు ఒక్కటే.
ఆ ఇంటి చాంద్‌బీ కొట్టం తాళం తీస్తది, ఊదు ఏస్తది.
పీరు లేపేది కుర్మ బీరయ్య.
దట్టీ లచ్చవ్వ మొక్కు, మలీద అందరిది.
గుండానికి కట్టెలు మాత్రం
మొన్న గెట్టు కాడ తలలు వగలగొట్టుకున్న అన్నదమ్ములు
చెరో దిక్కు నుంచి, మాట్లాడకుండ.

డప్పుకు సెగ తాకింది.
"అసోయ్ దూలా" అని ఊరంతా ఒక్క నోరయింది.
ఉలిక్కివడ్డడు మొరిత సారు.
"వష్షోయ్" అన్నడు మెల్లగ,
ఎన్కట ఎవలో విలిస్తే పలికినట్టు.
మల్ల గట్టిగ.

ఫోన్ల బొమ్మ సూపెట్టిండు:
వాళ్ల ఊరి దేవుని పల్లకి,
దాని కింద ఒకలనొకలు ఒత్తుకున్న మొగోళ్లు.
అంగీ జరిపి ఎడమ భుజం సూపెట్టిండు.
కాయ. కోడిగుడ్డంత.
ముప్పై ఏండ్లు దేవుని దూలం ఒరుసుకున్న జాగ.
నలభై భుజాలు గావాలె అన్నడు, వేళ్లతోని.
ఇప్పుడు పదకొండే.
నాలుగేండ్లాయె, దేవుడు షెడ్డుల్నే ఉన్నడు.

బీరయ్యకు ఏం సమజయిందో
పీరును చాంద్‌బీ కొడుక్కిచ్చి అరచెయ్యి సాపిండు.
అండ్ల ఇంకో కాయ.
ఒకల కాయ ఒకలు ముట్టి సూసుకున్నరు
అంగట్ల దూడ పండ్లు సూసినట్టు.

గుండం సుట్టు తిరుగుతుంటె సారు అడుగు తప్పుతనే ఉండె.
"అట్ల గాదు బిడ్డా, ఎడమ, ఎడమ"
బాలమణి చిన్నమ్మ రెక్క వట్టి తిప్పింది
యాభై ఐదేండ్ల మనిషిని.
తిరిగి తిరిగి పోయి అన్నదమ్ముల నడుమ ఇరికిండు.
ఆయన నెత్తి మీదికెల్లి పెద్దోడు అడిగిండు:
"కట్టె ఉన్నదారా ఇంక?"
"ఉన్నది."
అంతే.

తెల్లారి డ్యూటీ.
నల్లా కింద చేతులు రుద్దుతున్నడు,
గోరు సందుల గుండం బూడిద.
రూలు రూలే. మూడుసార్లు కడిగిండు.
గౌను ముడేసుకుంటు అద్దం అవుతల నుంచి
నా దిక్కు జూసి పెదవులు కదిపిండు.
ఇనవడలే.
అసోయ్ అన్నడో, వష్షోయ్ అన్నడో.
మిషన్ చాలు జేసిన.