తుప్పు రంగు

డబ్బా మూత మీద నేనే రాశాను:
పెంచలమ్మ, యాభై రెండు, ఆడ, వార్డు ఆరు.
ల్యాబులో ఎవరికీ చెప్పలేదు, మా అమ్మ అని.
చెబితే పూంగొడి డబ్బా లాక్కుని
నువ్వెళ్ళి పక్కన కూచో అంటుంది.
పక్కన కూచుంటే ఏం కనిపిస్తుంది?

కళ్ళె తుప్పు రంగులో ఉంది.
మా పుళియంతోపు కుళాయిలో మొదటి బిందె రంగు.

గాజు పలక మీద పలచగా పూసి
మంట మీద మూడుసార్లు ఆడించి
ఊదా రంగు, అయొడిన్, స్పిరిటు, చివరికి ఎరుపు.
రోజుకి నలభై చేస్తాను ఇలాంటివి.
ఇవ్వాళ కుళాయి కట్టెయ్యడం మరిచిపోయాను.

నూనె చుక్క వేసి కన్ను ఆనిస్తే
అవిగో, రెండేసి రెండేసి,
కొసలు చెక్కిన నూకల్లా ఊదా జంటలు.
చుట్టూ రంగు అంటని సన్నని ఖాళీ,
అది వాటి తొడుగు.
కొర్రమీను ఒంటి జిగురు లాంటిది,
పట్టబోతే జారుతుంది.

వాటి మీద పడి, వాటిని పొట్టలో పెట్టుకుని
మూడు ముక్కల, నాలుగు ముక్కల గుండెకాయలతో
గులాబి కణాలు. చచ్చినవే ఎక్కువ.
పుస్తకాల్లో వీటిని సైన్యం అంటారు.
రాత్రి రెండింటికి మింట్ వీధిలో
చీపుర్లతో లారీ దిగే ఆడవాళ్ళని చూసినదాన్ని,
నాకు వేరే మాట తోచింది.

దీపావళి మర్నాడు, వానలో,
సౌకారుపేటలో మూడు లారీల టపాకాయ కాగితం ఎత్తారు.
ఆ మసంతా
గాలితిత్తుల గోడలమీద పాకే ఒక ముసలి కణం
ఎప్పటిలాగే నోరెత్తకుండా మింగింది.
ఈ ఊదావి దానికి మింగుడు పడలేదు.
కేకేసింది.

కేక నెత్తురులో పడి తలదాకా పోయింది.
తలలో ఎవరో పొయ్యి ఎగదోశారు.
నూట మూడు. నూట నాలుగు.
"చలి పాపా, చలి" అంటుంది అమ్మ,
ఒళ్ళు పెనంలా కాలుతుంటే.
రెండు దుప్పట్ల మీద నా ల్యాబు కోటు కూడా కప్పాను.

రక్తనాళాల అంచులు సడలాయి.
మా సందులో ఎదురుపడ్డ మనుషుల్లా
పక్కకి తిరిగి, ఒళ్ళు సన్నం చేసుకుని
కణాలు ఇవతలికి దూరాయి.
వాటి వెనకే నీళ్ళూ వచ్చాయి.
గాలి ఉండాల్సిన చోటల్లా
కార్తీక మాసపు గణేశపురం సబ్‌వే.

డాక్టర్ ఇళవరసి ఎక్స్‌రే వెలుగుకి ఎత్తింది.
కుడివైపు, కింద, తెల్లగా.
ఊపిరితిత్తి కార్జంలా గట్టిపడును అని
ఒకప్పుడు రాశాను, నాలుగు మార్కుల ప్రశ్న.
నాలుగూ వచ్చాయి.

సాయానికొచ్చినవే ఊపిరాడనివ్వట్లేదని
అమ్మతో అన్నాను, మాస్కు సర్దుతూ.
ఆగి ఆగి చెప్పింది,
"ఎత్తాలంటే... ముందు పోగు చెయ్యాలి గదే.
పోగు చేసినప్పుడే... కంపు."

రిపోర్టులో రాశాను: చీము కణాలు లెక్కకు మించి.
ఒకటి రెండు రోజుల ఆయుష్షు వాటిది.
హాజరు పుస్తకంలో పేరుండదు,
అమ్మవాళ్ళ కాంట్రాక్టరు పుస్తకంలో లాగే.

గొట్టంలో మందు దిగుతూనే ఉంది.
ఏ ఎముక మూలుగులోనో, ఏ గ్రంథిలోనో
కొలతలు తీసి కుట్టినట్టు
సరిగ్గా ఆ తొడుక్కే అతుక్కునేవి తయారయ్యాయి.
కాశిమేడులో జారే చేపకి బూడిద రాస్తారు చూడండి,
అలా.
ఇప్పుడు చిక్కుతున్నాయి.

ఆరోరాత్రి దిండు తడిసింది, రవిక తడిసింది.
చెమట. తుడుస్తుంటే నా చేతికి చల్లగా తగిలింది.
లోపల ఆ ముసలిది మళ్ళీ బయల్దేరి ఉంటుంది
చచ్చినవాటిని ఒక్కొక్కటే మింగుకుంటూ.
దానికి ఇంకా నెల పని.

తెల్లారి అమ్మ దగ్గి, గిన్నెలోకి తొంగి చూసి,
"రంగు తేలింది" అంది.
తరవాత అడిగింది,
"నా వీధి ఎవరు ఊడుస్తున్నారే?"
నాకు తెలీదు. కనుక్కుని చెప్తానన్నాను.

గాజు పలక ఇంకా నా కోటు జేబులో ఉంది.
ఫినాయిల్ జాడీలో వెయ్యాలి, అది రూలు.
రేపు వేస్తాను.